ఇంగ్లీషు పరీక్షలో కథాభాగం: భాషను, నిర్మాణాన్ని విశ్లేషించి రాయడం ఎలా?

"మా అమ్మాయి ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది, నవలలు చదువుతుంది. కానీ జీసీఎస్ఈ పేపర్లో రచయిత భాష గురించి అడిగే ప్రశ్నకు ఎనిమిదికి మూడు మార్కులే వస్తున్నాయి. ఎందుకని?" ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. (జీసీఎస్ఈ అంటే అక్కడి పిల్లలు పదహారేళ్ళ వయసులో రాసే పరీక్ష.) పిల్లలు ఇదే ప్రశ్నను మరోలా అడుగుతారు: "సిమిలీ ఉందని రాశాను, మెటఫర్ ఉందని రాశాను. ఇంకేమి రాయాలి?"

అసలు చిక్కు ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. సిమిలీ (ఉపమ), మెటఫర్ (రూపకం) అంటూ అలంకారానికి పేరు చెబితే మార్కు వస్తుందని పిల్లలు నమ్ముతున్నారు. పరీక్షకులు చూసేది అది కాదు. రచయిత ఎన్నో మాటల్లోంచి ఈ మాటనే ఎందుకు ఎంచుకున్నాడు, దాన్ని ఇక్కడే ఎందుకు పెట్టాడు, అందువల్ల చదివేవారికి ఏమి జరిగింది అన్నదే వారికి కావాలి. పద్ధతి తెలిస్తే ఇది నేర్చుకోగలిగిన పనే. పరీక్ష రాసే విద్యార్థినే 'మీరు' అంటూ రాస్తున్నాను. తల్లిదండ్రులు పక్కన కూర్చుని చదవవచ్చు. చివర సరిచూసుకునే భాగంలో వారి సాయం బాగా అవసరమవుతుంది.

ముందుగా మీ పరీక్ష ఏదో తెలుసుకోండి

మీ స్కూలు ఏ బోర్డు పరీక్ష రాయిస్తోందో టీచరును అడగండి. ఏక్యూఏ బోర్డు 8700 కోర్సులో పేపర్ 1 వ్యవధి 1 గంట 45 నిమిషాలు, మొత్తం 80 మార్కులు. చదివి జవాబు రాసే భాగానికి 40, సొంతంగా రాసే భాగానికి 40. కథాభాగం 20 లేదా 21వ శతాబ్దానికి చెందినదై ఉంటుంది. అందులో రెండో ప్రశ్న భాష మీద, మూడో ప్రశ్న నిర్మాణం మీద, ఒక్కోదానికి 8 మార్కులు. పియర్సన్ ఎడెక్సెల్ 1ఈఎన్0 కోర్సులో కథాభాగం 19వ శతాబ్దానిది. అక్కడ భాష, నిర్మాణం రెండూ కలిపి ఒకే ప్రశ్నగా వస్తాయి, 6 మార్కులు. పేపర్లు వేరైనా పరీక్షించే నైపుణ్యం ఒకటే, దాన్ని ఏఓ2 (అసెస్‌మెంట్ ఆబ్జెక్టివ్ 2) అంటారు. ప్రశ్నల రూపంలో బోర్డులు అప్పుడప్పుడు మార్పులు చేస్తుంటాయి కాబట్టి మీ సంవత్సరానికి వర్తించే నమూనా పత్రాన్నే దగ్గర పెట్టుకోండి.

కావలసినవి

బోర్డు వెబ్‌సైటులో దొరికే పాత ప్రశ్నపత్రాలు మూడు, వాటి మార్కింగ్ పథకాలు. పరీక్షకుల నివేదికలు కూడా అక్కడే ఉంటాయి. ఒక్కటి చదివినా చాలా మేలు. ఒక పెన్సిలు, మూడు రంగుల పెన్నులు, నిమిషాలు చూపే గడియారం. నిఘంటువును సాధన చేసేటప్పుడు కూడా పక్కన పెట్టుకోకండి, ఈ పరీక్షలో దాన్ని అనుమతించరు.

మనం పని చేయబోయే కథాభాగం

పద్ధతి చూపడానికి ఒక చిన్న కథాభాగాన్ని నేనే రాశాను. మీకు పరీక్షలో వచ్చేది ఇంగ్లీషులో ఉంటుంది, దీనికన్నా చాలా పొడవుగా ఉంటుంది. దీన్ని ఇంగ్లీషు కథకు తెలుగు రూపంగా భావించండి.

"రైలు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఒక్క దీపం మాత్రమే మిగిలింది. పొగమంచు పట్టాల మీదుగా పాకుతూ వచ్చి బెంచీల కాళ్ళను ఒక్కొక్కటిగా మింగింది. ఎలెన్ తన పెట్టెను దగ్గరకు లాక్కుంది. అందులో ఏముందో ఆమెకు తెలియదు. తెరవవద్దని మాత్రమే తాతయ్య చెప్పాడు. గోడ గడియారం తొమ్మిది ఇరవై దగ్గర ఆగి ఉంది. బహుశా ఎన్నో ఏళ్ళుగా. పొగమంచులోంచి అడుగుల చప్పుడు వినిపించింది. నెమ్మదిగా, తొందర లేకుండా, దారి తెలిసిన మనిషి నడుస్తున్నట్టు. 'నిన్ను రేపు కదా రమ్మన్నాను,' అంది ఒక గొంతు. దీపం ఆరిపోయింది."

1. ప్రశ్న చదివి హద్దు గీయండి

కథ చదవడానికి ముందే ప్రశ్న చదవండి. ఏ వరుస నుంచి ఏ వరుస వరకు అన్నది చూసి, ఆ భాగం చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. ఏక్యూఏ భాష ప్రశ్నలో కొన్ని వరుసలే ఇస్తారు. నిర్మాణం ప్రశ్నకు మాత్రం మొత్తం కథాభాగాన్ని చూడాలి. హద్దు బయటి మాటను ఎంత అద్భుతంగా విశ్లేషించినా ఆ ప్రశ్నకు మార్కులు రావు. ప్రశ్నలో రచయిత 'దేన్ని' వర్ణించిన తీరు అడిగారో కూడా గుర్తించండి. పొగమంచు గురించి అడిగితే పెట్టె గురించి రాయకూడదు.

2. ఒక్కసారి కథగా చదవండి

పెన్ను కింద పెట్టేయండి. మామూలు పాఠకుడిగా చదవండి. చదవడం పూర్తికాగానే అంచున రెండు ముక్కలు రాసుకోండి: మొదట్లో ఎలా అనిపించింది, చివరికి ఎలా అనిపించింది. మన ఉదాహరణకు నేనైతే 'ఒంటరితనం' అని, తరువాత 'ఎవరో ముందే కాచుకుని ఉన్నారన్న భయం' అని రాసుకుంటాను. ఈ రెండు ముక్కలే రేపు మీ జవాబుకు వెన్నెముక. ఈ మెట్టు వదిలేసి నేరుగా అలంకారాల వేటకు దిగినవారి జవాబులో ప్రతి పేరా వేరే వైపు పోతుంది.

3. రెండోసారి పెన్నుతో చదవండి

ఆ భావన మీలో ఎక్కడ పుట్టిందో వెతకండి. ఏ మాట దగ్గర ఒళ్ళు జలదరించింది? ఏ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగారు? ఆ మాట కింద గీత గీయండి. మూడు నాలుగు చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. సిమిలీ కనబడింది కదా అని ఎంచుకోకండి. మీకు చెప్పడానికి ఏదైనా ఉన్న మాటనే ఎంచుకోండి. మామూలు క్రియాపదాలు తరచు పెద్ద అలంకారాల కన్నా ఎక్కువ పని చేస్తాయి. అర్థం సరిగ్గా తెలియని మాట జోలికి వెళ్ళకండి. తప్పు అర్థం మీద కట్టిన పేరా నిలబడదు. పాత కాలపు ఇంగ్లీషు కథల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

4. మాట మార్చి చూడండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. మొత్తం పద్ధతిలో దీనికన్నా విలువైనది లేదు.

తెలుగులో 'చచ్చాడు', 'పోయాడు', 'చనిపోయాడు', 'కన్నుమూశాడు', 'కాలం చేశాడు' అన్నవన్నీ ఒకే సంఘటనను చెబుతాయి. కానీ ఎవరైనా 'చచ్చాడు' అనగానే పోయిన మనిషి మీద వారికి ఎంత కోపముందో మనకు అర్థమవుతుంది. 'కాలం చేశారు' అంటే గౌరవం వినబడుతుంది. ఈ తేడా మీకు ఎవరూ నేర్పలేదు, వింటూ పెరిగారు. ఇంగ్లీషు మాటల దగ్గర కూడా ఇదే చెవి పెట్టి వినాలి. నిఘంటువు చెప్పే అర్థం ఒకటి, ఆ మాట వెంట తెచ్చుకునే నీడ మరొకటి. మార్కులు ఆ నీడ గురించి చెప్పినందుకు వస్తాయి.

ఎలా చేయాలంటే, గీత గీసిన మాటను తీసేసి దాని స్థానంలో చప్పటి మాట పెట్టండి. 'పొగమంచు పాకుతూ వచ్చింది'కి బదులు 'పొగమంచు వచ్చింది' అనుకోండి. ఏమి పోయింది? పోయిందేదో అదే మీ విశ్లేషణ.

ఒక అబ్బాయితో ఇదే పని చేయించాను. ఇంగ్లీషులో పాకడానికి వాడే 'క్రెప్ట్' అనే మాట తీసేసి, వచ్చింది అనడానికి వాడే 'కేమ్' పెట్టమన్నాను. కాగితం వైపు చాలాసేపు చూశాడు. "వచ్చింది అంటే ఊరికే వచ్చిందంతే. పాకుతూ వచ్చింది అంటే, తను ఎక్కడికి వెళ్తోందో దానికి తెలుసు" అన్నాడు. అప్పటివరకు అతను రాసిన పది జవాబుల్లోనూ 'రచయిత పర్సానిఫికేషన్ (ప్రాణం లేనిదాన్ని ప్రాణమున్నట్టు చెప్పడం) వాడారు' అన్న వాక్యం తప్ప మరేమీ లేదు. ఆ రోజు పొగమంచుకు ఉద్దేశం ఉందని అతనే కనిపెట్టాడు. సరిగ్గా అదే రాయమన్నాను.

మార్పిడి చేశాక ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ మాటకు చుట్టాలు కథలో ఇంకెక్కడైనా ఉన్నాయా? మన కథాభాగంలో పొగమంచు బెంచీలను 'ఒక్కొక్కటిగా' మింగింది. అడుగులు 'నెమ్మదిగా, తొందర లేకుండా' వచ్చాయి. రెండింటిలోనూ అదే తీరిక. పొగమంచూ ఆ మనిషీ ఒకే స్వభావంతో కదులుతున్నారు. ఇలా దూరంగా ఉన్న రెండు మాటల మధ్య దారం చూపగలిగితే జవాబు పై స్థాయికి చేరుతుంది.

5. పేరు పెట్టండి, కానీ ఆఖరున

చెప్పదలచుకున్నది తేలాక, దానికి సరైన సాంకేతిక పదం ఒకటి జోడించండి. క్రియ, విశేషణం, సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, అసంపూర్ణ వాక్యం, ఇంతవరకు తెలిస్తే చాలా దూరం వెళ్ళవచ్చు. పేరు గుర్తు రాకపోతే 'ఈ మాట', 'ఈ వాక్యం' అని రాసి ముందుకు సాగండి. క్రియను విశేషణం అని తప్పుగా రాయడం కన్నా అది మేలు.

6. పేరా రాయండి

పేరాలో ఏది తరువాత ఏది రాయాలో చెప్పే పీఈఈ, పీఈటీఏఎల్ లాంటి చట్రాలు స్కూల్లో నేర్పి ఉంటారు. అలవాటైతే వాడండి, మొదలుపెట్టడానికి అవి ఆసరా. కాకపోతే నా సలహా మరింత సులువు: చిన్న ఉల్లేఖన, అది కలిగించే భావం, ఆ భావం ఎక్కడి నుంచి వస్తోంది, దానివల్ల పాత్ర గురించి లేదా పరిస్థితి గురించి మనకు ఏమి తెలిసింది. ఈ క్రమం తప్పినా పరవాలేదు, అన్నీ ఉంటే చాలు.

ముందు బలహీనమైన పేరా చూడండి:

"రచయిత ఇక్కడ పర్సానిఫికేషన్ వాడారు. 'పొగమంచు పట్టాల మీదుగా పాకుతూ వచ్చి బెంచీల కాళ్ళను ఒక్కొక్కటిగా మింగింది' అని రాశారు. దీనివల్ల పాఠకుడికి ఉత్కంఠ కలుగుతుంది, ఇంకా చదవాలనిపిస్తుంది."

ఇందులో తప్పు ఒక్కటీ లేదు. అయినా ఇలాంటి పేరాలు మూడు రాసినవారు ఎనిమిదిలో నాలుగు దాటడం కష్టం. ఉల్లేఖన వాక్యమంత పొడవుంది, అందులో ఏ మాట పని చేస్తోందో చెప్పలేదు. చివరి వాక్యం ప్రపంచంలో ఏ కథకైనా అతుకుతుంది.

ఇప్పుడు అదే చోటు మీద మరో పేరా:

"పొగమంచు 'పాకుతూ' వచ్చిందనడంలో, చప్పుడు చేయకుండా వేటను సమీపించే జంతువు కదలిక ఉంది. వెంటనే 'మింగింది' అన్న క్రియ దాని ఆకలిని బయటపెడుతుంది. 'ఒక్కొక్కటిగా' అన్న మాట ఇంకా భయపెడుతుంది. దానికి తొందర లేదు, వరుసలో ఎలెన్ వంతు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనిపిస్తుంది. బెంచీలకు 'కాళ్ళు' అనడం మామూలు వాడుకే. కానీ మింగడం పక్కన చేరేసరికి అవి ప్రాణమున్న కాళ్ళలా తోస్తాయి. బహుశా ఆ తరువాతివి ఎలెన్‌వే."

మూడు నాలుగు మాటలనే పట్టుకుని, వాటి చుట్టూ తిరిగిందీ పేరా. సాంకేతిక పదం 'క్రియ' ఒక్కటే. 'బహుశా' అన్న మాటను గమనించండి. ఇంగ్లీషులో 'పర్‌హాప్స్', 'సజెస్ట్స్', 'ఇంప్లైస్' లాంటి మాటలు ఇదే పని చేస్తాయి. ఒక మాటకు రెండు అర్థాలు తోస్తే రెండూ రాయండి, తప్పేమీ కాదు. అయితే రెండూ కథలోంచే పుట్టాలి.

ఎనిమిది మార్కులకు ఇలాంటి పేరాలు రెండు గట్టివి, వీలైతే మూడోది కాస్త చిన్నది. సమయం పది నుంచి పన్నెండు నిమిషాలు. ఉపోద్ఘాతం వద్దు, ముగింపు వద్దు.

7. నిర్మాణం: వాక్యాన్ని కదిపి చూడండి

పిల్లలు ఎక్కువగా భయపడేది ఇక్కడే. భాష అంటే మాటలు కనిపిస్తాయి, నిర్మాణం కంటికి కనిపించదు. 'నిర్మాణం' అన్న పెద్ద మాట మరిచిపోండి. రచయిత మీ తల పట్టుకుని ఒక్కోసారి ఒక్కో వైపు తిప్పుతున్నాడు. ఏ వైపు, ఏ క్రమంలో, ఎప్పుడు తిప్పాడు అన్నదే ప్రశ్న.

అంచున ప్రతి చిన్న భాగానికీ, మనం ఎటు చూస్తున్నామో రెండేసి మాటల్లో రాసుకోండి. మన కథాభాగానికి ఆ జాబితా ఇలా ఉంటుంది: వెళ్ళిన రైలు, దీపం, పొగమంచు, ఎలెన్ పెట్టె, తాతయ్య మాట, ఆగిన గడియారం, చప్పుడు, గొంతు, చీకటి. ఈ జాబితా చూడగానే కొన్ని సంగతులు వాటంతటవే బయటపడతాయి. పెద్ద స్టేషను నుంచి ఒక చిన్న పెట్టె దాకా చూపు కుంచించుకుపోయింది. మొదటి సగంలో ఎక్కువగా కంటితో చూసేవి, చప్పుడు దగ్గరి నుంచి చెవితో వినేవి. మొదట్లో మిగిలిన ఒక్క దీపమే చివర ఆరిపోయింది.

భాషకు మాట మార్చి చూసినట్టే, నిర్మాణానికి వాక్యం చోటు మార్చి చూడండి. 'నిన్ను రేపు కదా రమ్మన్నాను' అన్న మాట మొట్టమొదటే వచ్చి ఉంటే? ఎవరో ఎలెన్ కోసం ఎదురు చూస్తున్నారని ముందే తెలిసిపోయేది, పొగమంచు వట్టి వాతావరణంగా మిగిలేది. చివర రావడం వల్ల అప్పటిదాకా చదివినదంతా మళ్ళీ గుర్తు చేసుకోవలసి వస్తుంది. పెట్టెలో ఏముందో చెప్పేసి ఉంటే? ఎలెన్‌కూ మనకూ ఒకే అజ్ఞానం ఉండడం వల్లే మనం ఆమె పక్కన నిలబడ్డాం. అది పోయేది.

వెతకవలసిన చోట్లు నాలుగు: మొదటి వాక్యం, చూపు మారిన మలుపు, దాచి ఉంచిన సంగతి, చివరి వాక్యం. సంభాషణ మొదటిసారి ఎక్కడ వచ్చింది, గతంలోకి ఎక్కడ వెళ్ళింది అన్నవి కూడా పనికొస్తాయి. నాలుగూ రాయనక్కరలేదు. బలమైనవి రెండు మూడు తీసుకోండి. ఒకటి మాత్రం కథాభాగం మొదటిది, ఒకటి చివరిది అయ్యేలా చూసుకుంటే మొత్తం చదివారని పరీక్షకులకు తెలుస్తుంది.

మాదిరి పేరా:

"రైలు వెళ్ళిపోవడంతో కథ మొదలవుతుంది. మామూలుగా ప్రయాణపు కథలు రాకతో మొదలుకావచ్చు. ఇక్కడ తిరిగి వెళ్ళే దారి మూసుకుపోవడమే మొదటి సంగతి. ఆ తరువాత మిగిలిన ఒక్క దీపం మీద చూపు నిలుస్తుంది కాబట్టి అదే ఎలెన్‌కు మిగిలిన ఏకైక భద్రతగా తోస్తుంది. రచయిత ఆ దీపాన్ని కథంతా పక్కన పెట్టి, గొంతు వినబడ్డాక చివరి వాక్యంలో ఆర్పేస్తారు. ఆ గొంతు ఎవరిదో చూసే అవకాశం వచ్చిన క్షణంలోనే చూపు పోతుంది."

'మొదట', 'తరువాత', 'చివరికి' లాంటి మాటలు వాడుతూ, ప్రతిసారీ 'అందువల్ల మనకు' అన్న భాగం చేర్చండి. అవి వదిలేస్తే కథను తిరిగి చెప్పినట్టే అవుతుంది.

తెలుగు ఇంట పెరిగిన పిల్లలకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 'పొగమంచులోంచి అడుగుల చప్పుడు వినిపించింది' అన్న వాక్యం మన చెవికి మామూలుగా ఉంటుంది. తెలుగులో చోటు ముందు చెప్పి, క్రియను చివరికి ఉంచడం సహజం కదా. ఇంగ్లీషులో సాధారణంగా కర్త ముందు వస్తుంది. అక్కడ వాక్యం చోటుతో మొదలై, కర్త ఆఖరున వచ్చిందంటే రచయిత కావాలని ఆలస్యం చేశాడన్న మాట. వస్తున్నదేమిటో తెలియకుండా ఒక్క క్షణం పొగమంచులో నిలబెట్టాడు. మీ చెవి దీన్ని సహజమనుకుని దాటేస్తుంది, కాబట్టి కళ్ళతో పట్టుకోండి. వాక్యం కర్తతో మొదలుకాని ప్రతి చోటా ఒకసారి ఆగి చూడండి.

8. రెండూ ఒకే ప్రశ్నలో వస్తే

ఎడెక్సెల్ ఆరు మార్కుల ప్రశ్నలో భాష మాత్రమే రాసి నిర్మాణం మరిచిపోతే పై స్థాయి మార్కులు అందవు. భాష మీద ఒక పేరా, నిర్మాణం మీద ఒక పేరా రాసి, సమయం మిగిలితే రెండింటినీ కలిపే రెండు వాక్యాలు రాయండి. ఈ ప్రశ్నలో వాక్యాల పొడవు, అసంపూర్ణ వాక్యాలు నిర్మాణం కింద చక్కగా ఉపయోగపడతాయి. ఏక్యూఏలో వాక్య నిర్మాణాన్ని భాష ప్రశ్నలోనే రాయడం మేలు. నిర్మాణం ప్రశ్నను మొత్తం కథ క్రమానికి ఉంచుకోండి.

తరచు చేసే తప్పులు

'పాఠకుడికి ఆసక్తి కలుగుతుంది' అన్న వాక్యాన్ని నేను లెక్కలేనన్ని జవాబుల్లో కొట్టేశాను. ఆసక్తి అన్నది జవాబు కాదు. ఏమి తెలుసుకోవాలన్న ఆసక్తి? ఆ గొంతు ఎవరిదని, రేపు రమ్మన్న మనిషి ఈరోజే ఎందుకు ఉన్నాడని. ఆ ప్రశ్నలు రాయండి, 'ఆసక్తి' అన్న మాట అవసరమే ఉండదు.

'చిన్న వాక్యం ఉత్కంఠను పెంచుతుంది' అన్నది ఇలాంటిదే. చిన్న వాక్యం ఉత్కంఠకే కాదు, అలసటకు, నిశ్చయానికి, దుఃఖానికి కూడా పనికొస్తుంది. 'దీపం ఆరిపోయింది' అన్నది చిన్న వాక్యమే, అక్కడ దాని పని ఏమిటి? ఎవరు ఆర్పారో, ఎలా ఆరిందో చెప్పకుండా ముగించడం. కారణం లేకపోవడమే అక్కడి భయం.

అక్షరాల చప్పుళ్ళ గురించి రాసేటప్పుడు తొందరపడకండి. 'స' ధ్వని మళ్ళీ మళ్ళీ వస్తే పాము బుసలా ఉందని రాయడం ఒక రివాజుగా మారింది. కథలో పాములాంటి స్వభావం ఏదైనా ఉంటేనే ఆ మాట నిలుస్తుంది.

రచయిత జీవిత చరిత్ర, ఆ కాలపు చరిత్ర ఈ ప్రశ్నలకు అక్కరలేదు. కథ చెప్పే 'నేను', రచయిత ఒకరే అనుకోవడం కూడా పొరపాటే. పొడవైన ఉల్లేఖనలు సమయాన్ని తింటాయి, ఒకటి నుంచి ఐదు మాటలు చాలు.

సరిచూసుకోవడం ఎలా

రాసిన వెంటనే మూడు రంగులతో గీయండి. ఉల్లేఖనలు ఒక రంగు, సాంకేతిక పదాలు ఒక రంగు, ప్రభావం గురించి మీరు చెప్పినది మూడో రంగు. మూడో రంగు పేజీలో సగానికి మించి ఉండాలి. రెండో రంగు ఎక్కువ కనిపిస్తే మీరు పేర్ల జాబితా రాశారు. ఏ రంగూ పడని వాక్యాలుంటే, అక్కడ కథను తిరిగి చెప్పారు.

తరువాత, ప్రతి వాక్యాన్నీ ఎత్తి మరో కథ పక్కన పెట్టినట్టు ఊహించండి. అక్కడా అతుకుతుందా? అయితే దాన్ని కొట్టేసి, ఈ కథకే చెందిన మాట రాయండి.

తల్లిదండ్రులు చేయగలిగేది ఇక్కడ. మీకు ఇంగ్లీషు సాహిత్యం తెలియనక్కరలేదు. పిల్లలు జవాబును గట్టిగా చదువుతుంటే వినండి, ప్రతి వాక్యం తరువాత రెండే ప్రశ్నలు అడగండి: "ఏ మాట వల్ల అలా అనిపించింది?", "ఆ మాట లేకపోతే ఏమయ్యేది?" తెలుగులో అడగండి, వాళ్ళకు వీలైతే తెలుగులోనే చెప్పనివ్వండి. నోటితో స్పష్టంగా చెప్పగలిగింది కాగితం మీద లేకపోతే, లోటు ఆలోచనలో లేదు, రాయడంలో ఉంది. నోటితో కూడా చెప్పలేకపోతే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్ళాలి.

ఆఖరున మార్కింగ్ పథకం తెరవండి. ఏక్యూఏ ఎనిమిది మార్కులను నాలుగు స్థాయులుగా విడగొడుతుంది. 1-2 మార్కులకు సరళమైన, పరిమితమైన వ్యాఖ్య. 3-4కు కొంత అవగాహన. 5-6కు స్పష్టమైన, సందర్భానికి తగిన వివరణ. 7-8కి లోతైన, సూక్ష్మమైన విశ్లేషణ. నాలుగింటిలో మీ పేరా ఎక్కడుందో నిజాయతీగా పెన్సిలుతో రాయండి. 'స్పష్టం' నుంచి 'సూక్ష్మం'కు వెళ్ళడానికి కొత్త పేరా చేర్చనక్కరలేదు. ఉన్న పేరాలోనే అదే మాట గురించి ఇంకొక్క అడుగు లోపలికి వెళ్ళాలి, లేదా దానికి కథలో మరోచోట ఉన్న చుట్టాన్ని చూపాలి.

ఆ జవాబును ఒక వారం పక్కన పెట్టి, కథాభాగం మళ్ళీ చదవకుండా జవాబు ఒక్కటే చదవండి. ఆ స్టేషను, ఆ పొగమంచు, ఆ గొంతు మీ కళ్ళ ముందుకు వస్తే తరువాతి పాత ప్రశ్నపత్రం తీయండి. రాకపోతే అదే కథాభాగం మీద వేరే రెండు మాటలు ఎంచుకుని, గడియారం పెట్టుకుని పన్నెండు నిమిషాల్లో మరో జవాబు రాయండి.